పదిసార్లు లాగినా బోటు ఇంజను స్టార్ట్ కాలేదా? పదకొండోసారి లాగొద్దు

తిరుపతిలో బైకులు రిపేరు చేసుకునేవాడికి బోటు ఇంజనుతో ఏం పని అని మీరు అడగొచ్చు. మా అత్తగారి ఊరు సూళ్లూరుపేట వైపు, పులికాట్ సరస్సు దగ్గర. మా మామకు ఒక ఫైబర్ బోటు ఉంది, దాని వెనక ఎవరో ఏళ్లపాటు వాడి అమ్మేసిన 15 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ మోటారు ఉంది. టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, తాడు లాగి స్టార్ట్ చేసే రకం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం కదా, ఆ రెండు నెలలూ మోటారును పాకలో ఓ మూల ఆనించి, పైన గోనెసంచి కప్పి మర్చిపోయాడు. జూన్ మధ్యలో ఫోన్. "అల్లుడా, ఇంజను లేవడం లేదబ్బా, పొద్దుట్నించి లాగి లాగి నా భుజం పోయింది, ఒకసారి రాప్పా."

శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా నేను పోయేసరికి ఆయన కార్బొరేటర్, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం, విప్పి అన్నం తినే పళ్లెంలో పెట్టుకుని కూర్చున్నాడు. పెట్రోలు సన్నగా వదిలే జెట్‌లు, స్ప్రింగులు, ఫ్లోటు అన్నీ ఆ పళ్లెంలోనే. నేను చేసిన మొదటి పని ఆ పళ్లెం పక్కన పెట్టించడం. రెండోది, మోటారు ముందువైపు స్టాప్ స్విచ్ చూడడం. దానికి ఉండాల్సిన ఎర్ర క్లిప్ లేదు. మనిషి నీళ్లలో పడితే ఇంజను ఆగిపోవాలని ఆ క్లిప్‌కు చుట్టలు చుట్టలుగా ఒక ఎర్ర తాడు ఉంటుంది చూడండి, అది మేకపిల్ల మెడలో దొరికింది, మనవరాలు కట్టింది. కొన్నప్పటి నుంచి ఆ క్లిప్ తీసిందే లేదు కాబట్టి అలాంటిదొకటి ఉందన్న సంగతే మామకు గుర్తులేదు. క్లిప్ లేకపోతే స్పార్కే రాదు. ఇక రోజంతా లాగినా భుజం నొప్పి తప్ప ఏమీ రాదు.

అందుకే చెబుతున్నా, పదిసార్లు లాగాక ఆపేయండి. ఏ పెట్రోలు ఇంజనుకైనా మూడే కావాలి: సరైన పెట్రోలు, సరైన సమయానికి స్పార్కు, సిలిండర్‌లో కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి. ఏది లేదో తెలియకుండా విప్పడం మొదలుపెడితే ఉన్న జబ్బుకు తోడు మనం పెట్టిన జబ్బు ఒకటి చేరుతుంది. పానా పట్టుకోకుండా చూడగలిగినవి ముందు, స్పార్కు ప్లగ్ పానాతో అయ్యేవి తర్వాత, కార్బొరేటర్ చివర.

అన్నిటికంటే ముందు నీళ్ల సంగతి. మామూలు బైకు ఇంజను గాలికి చల్లబడుతుంది, ఇది నీళ్లతో చల్లబడుతుంది. లోపల రబ్బరు ఇంపెల్లర్ ఒకటి నీళ్లు పైకి తోడుతూ ఉంటుంది, నీళ్లు లేకుండా తిరిగితే ఆ రబ్బరు కొన్ని సెకన్లలోనే కాలడం మొదలవుతుంది. "ఊరికే ఒక్కసారి పలుకుతుందేమో చూద్దాం" అని ఒడ్డున ఎండలో స్టార్ట్ చేసి ఇంపెల్లర్ పోగొట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఇంటి దగ్గర చూడాలంటే 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము పైభాగం కోసి, గట్టి చెక్కకు మోటారు బిగించి, ప్రొపెల్లర్ పైన ఉండే పలక మునిగేదాకా నీళ్లు పోయండి. గేరు వేయకండి, వీలైతే ప్రొపెల్లర్ తీసేయండి. మూసిన షెడ్డులో వద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు డబ్బు ఖర్చు లేని పరీక్షలు. స్టాప్ స్విచ్ క్లిప్ ఉందా, సరిగ్గా కూర్చుందా? గేరు న్యూట్రల్‌లో ఉందా? చాలా మోటార్లలో గేరులో ఉంటే తాడు కదలనే కదలదు, దాన్ని చూసి ఇంజను పట్టేసింది అనుకుంటారు. పెట్రోలు ట్యాంకు మూత మీద గాలి పోవడానికి చిన్న స్క్రూ ఉంటుంది, అది తెరిచి ఉందా? ఇది మూసి ఉంటే ఇంజను స్టార్ట్ అయి కాసేపు నడుస్తుంది, ట్యాంకులో గాలి తక్కువై పెట్రోలు రావడం ఆగాక చచ్చిపోతుంది. మీరు బల్బు నొక్కితే మళ్లీ లేస్తుంది, మళ్లీ ఆగుతుంది. ఒడ్డు దగ్గర బాగానే ఉండి నడి నీళ్లలో మొండికేసే మోటార్లలో ముందు చూడాల్సింది ఈ స్క్రూనే. సాయంత్రం పని అయ్యాక దాన్ని మూసేవాళ్లే ఎక్కువ, మూయడం మంచిదే, పొద్దున్నే తెరవడం గుర్తుండాలి.

పెట్రోలు పైపు మధ్యలో ఉన్న రబ్బరు బల్బు ఈ మోటారుకు నాడి లాంటిది. దాని మీద బాణం గుర్తు ఉంటుంది, అది ఇంజను వైపు చూడాలి. పైపు మార్చినప్పుడు తిరగేసి బిగించినవాళ్లను చూశాను. బాణం ఉన్న వైపు పైకి ఉండేలా పట్టుకుని మెల్లగా నొక్కండి. ఏడెనిమిది నొక్కులకు బల్బు పచ్చి మామిడికాయలా గట్టిపడాలి. ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా బల్బు లోపలి వాల్వు పోయింది. ఇంజనుకు తగిలించే కనెక్టర్ లోపల చిన్న రబ్బరు రింగు ఉంటుంది, సెకండ్ హ్యాండ్ మోటార్లలో అది ఎండిపోయి చీలి ఉంటుంది, పెట్రోలు కారదు కానీ గాలి మాత్రం లోపలికి పోతుంది. ఇంకో రకం ఉంది. బల్బు మొదటి నొక్కుకే రాయిలా ఉండి పెట్రోలు పోవడం లేదంటే కనెక్టర్ సరిగా కూర్చోలేదు, లేదా ముందు ఏదో మూసుకుపోయింది. బల్బు నొక్కుతూ ఉంటేనే ఇంజను నడిచి, ఆపితే ఆగిపోతుంటే, గాలి లీకేమీ లేనప్పుడు, అనుమానం ఫ్యూయల్ పంపు లోపల ఉండే పల్చటి డయాఫ్రం మీద పెట్టండి. దాన్ని వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే సూది మొన అంత చిల్లు అయినా తెలుస్తుంది.

ఇక పెట్రోలు. మామకు క్లిప్ పెట్టించాక కూడా ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ట్యాంకులో పెట్రోలు ఎప్పటిది అని అడిగితే "మొన్నటిదేలే" అన్నాడు. మొన్న అంటే ఏప్రిల్. కార్బొరేటర్ అప్పటికే బిగించాను కాబట్టి దాని గిన్నె అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ విప్పి, బల్బు నొక్కుతూ, వచ్చిందాన్ని ఖాళీ నీళ్ల సీసాలో పట్టి, నీడలో గోడమీద పెట్టాను. పది నిమిషాల తర్వాత సీసా అడుగున రెండు వేళ్ల మందాన వేరే ద్రవం, పైన పెట్రోలు, మధ్యలో గీత గీసినట్టు అంచు. సీసా ఊపితే ఆ అడుగుది బుడగలు బుడగలుగా తేలి మళ్లీ కిందికే చేరుతోంది. "ఇదేందబ్బా, నూనె మీద నీళ్లు తేలినట్టు?" అన్నాడు మామ. తిరగేసి చెప్పాడు గానీ సంగతి అదే, నీళ్లు.

ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, సముద్రం పక్కన గాలిలో తేమకు కొదవేముంది. పీల్చగలిగినంత పీల్చాక ఇథనాల్, నీళ్లు రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. ట్యాంకులో పెట్రోలు తోడే గొట్టం అడుగునే ఉంటుంది కదా, ఇంజను మొదట తాగేది దాన్నే. పైన ఉన్నది మంచి పెట్రోలే కదా అని అడుగుది పారబోసి వాడకండి, అదీ దెబ్బతిన్నదే. మొత్తం తీసేసి, ట్యాంకు కడిగి, ఆరబెట్టి, తాజాది పోయండి. తీసిన పెట్రోలు సరస్సులోనో కాలవలోనో పోయొద్దు. పాత రబ్బరు పైపులు కూడా ఇథనాల్‌కు లోపల ఉబ్బి పొరలు ఊడతాయి, బయటికి బాగానే కనిపిస్తాయి, అనుమానం ఉంటే మార్చేయండి.

ఆయిల్ విషయంలో ఒక మాట. చాలా టూ స్ట్రోక్ మోటార్లకు పెట్రోలు 50 పాళ్లకు ఆయిల్ 1 పాలు, అంటే 10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. మీ మోటారు పుస్తకంలో వేరేగా ఉంటే అదే పాటించండి. బైకులకు వాడే 2టీ ఆయిల్ చవగ్గా దొరుకుతుంది, నా షాపులో కూడా ఉంటుంది, అయినా నేనే చెబుతున్నా వద్దని. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్న మెరైన్ ఆయిల్ నీళ్లతో చల్లబడే ఇంజనుకు తగ్గట్టు చేసింది, బైకు ఆయిల్ వాడితే ప్లగ్‌లకు, పిస్టన్ రింగులకు మసి పడుతుంది. "కొంచెం ఎక్కువ పోస్తే ఇంజనుకు మంచిది" అనేవాళ్ల మాట వినకండి, ఎక్కువైతే ప్లగ్ తడిసి స్టార్టింగే కష్టం. ఫోర్ స్ట్రోక్ అయితే పెట్రోల్లో ఆయిల్ కలపనే కూడదు. కిరోసిన్‌తో నడిచే మోటారు అయితే అది పెట్రోలుతో లేచి, వేడెక్కాక కిరోసిన్‌కు మారుతుంది. ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు మార్చి కాసేపు నడపాలి. నిన్న కిరోసిన్ మీదే ఆపేశారంటే ఈరోజు చల్లటి ఇంజను లేవకపోవడంలో వింత లేదు.

తాజా పెట్రోలు పోశాక కూడా లేవలేదా, అప్పుడు ప్లగ్‌లు విప్పండి. కొన్ని లాగుల తర్వాత విప్పిన ప్లగ్ మొన చూస్తే సగం కథ తెలిసిపోతుంది. పొడిగా ఉంటే పెట్రోలు సిలిండర్‌దాకా రావడం లేదు, కాబట్టి మళ్లీ బల్బు, ఫిల్టరు, పంపు, కార్బొరేటర్ దారి పట్టాలి. తడిగా, పెట్రోలు వాసనతో ఉంటే పెట్రోలు వస్తోంది కానీ మండడం లేదు, స్పార్కు చూడాలి, లేదా చోక్ ఎక్కువసేపు పెట్టి లాగడం వల్ల పెట్రోలు ముంచేసి ఉండాలి. అలా మునిగితే ప్లగ్‌లు తుడిచి ఆరబెట్టి, బల్బు నొక్కకుండా, చోక్ పూర్తిగా తీసి, థ్రాటిల్ (యాక్సిలరేటర్) బాగా తెరిచి నాలుగైదుసార్లు లాగండి. లేచిన వెంటనే థ్రాటిల్ తగ్గించాలి, చెయ్యి సిద్ధంగా పెట్టుకోండి. ప్లగ్ మీద నీటి చుక్కలు కనిపించాయంటే మాత్రం అది పెట్రోల్లో నీళ్లయినా కావాలి, హెడ్ గాస్కెట్ పోయి చల్లబరిచే నీళ్లు లోపలికి వస్తున్నాయైనా అనుకోవాలి.

స్పార్కు చూడడానికి ప్లగ్‌ను దాని క్యాప్‌లోనే ఉంచి, ప్లగ్ లోహపు భాగం ఇంజను మీద రంగు లేని చోట గట్టిగా ఆనించి, తాడు లాగండి. రెండో ప్లగ్ కూడా అలాగే ఆనించి ఉండాలి, గాల్లో వేలాడితే ఇగ్నిషన్ కాయిల్‌కు, స్పార్కు సమయం చూసుకునే సీడీఐ పెట్టెకు దెబ్బ. ప్లగ్ రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి వస్తుంది, కాబట్టి ఒకసారి గుడ్డతో తుడిచి, కాసేపు ఆగి, ఆ రంధ్రానికి దూరంగా పెట్టి చూడాలి. చేత్తో పట్టుకోవద్దు, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్ వాడండి. మిట్టమధ్యాహ్నం ఎండలో స్పార్కు ఉన్నా కనబడదు, గోనెసంచి కప్పుకుని చూడండి, పాతకాలం ఫొటోగ్రాఫర్ లాగా ఉన్నా ఫరవాలేదు. టిక్కుటిక్కుమని నీలంగా రావాలి. పసుపు ఎరుపుగా నీరసంగా వస్తే అది లేనట్టే లెక్క.

రెండు సిలిండర్లకూ స్పార్కు లేదంటే కాయిల్ కొనడానికి పరిగెత్తకండి. స్టాప్ స్విచ్ నుంచి ఇంజనులోకి పోయే వైరు కనెక్టర్ విడదీసి మళ్లీ లాగండి. ఇప్పుడు స్పార్కు వచ్చిందంటే తప్పు స్విచ్‌ది, ఉప్పుగాలికి లోపల తుప్పు పట్టి ఎప్పుడూ "ఆఫ్"లోనే ఉండిపోయింది. ఇది పరీక్షకు మాత్రమే. అలా విడదీసి వదిలేసి బోటు నడిపితే ఇంజనును వెంటనే ఆపడానికి దారుండదు, మనిషి నీళ్లలో పడితే బోటు తనదారిన తాను పోతుంది, లేదా తిరిగి అతని మీదికే వస్తుంది. ఒక సిలిండర్‌కే లేకపోతే ప్లగ్‌లు అటూఇటూ మార్చి చూడండి. లోపం ప్లగ్‌తోపాటు మారితే కొత్త ప్లగ్ చాలు. మారకపోతే క్యాప్ లోపల పచ్చగా పట్టిన తుప్పు, వైరు, కాయిల్ అనే వరసలో వెతకండి. ఎర్త్ వైరు ఇంజనుకు బిగించిన చోట బోల్టు విప్పి, ఉప్పుకాగితంతో గీకి మళ్లీ బిగించడం ఐదు నిమిషాల పని, నా చేతిలో రెండు మోటార్లు దానికే లేచాయి. సీడీఐ, ఇంజనులో కరెంటు పుట్టించే స్టేటర్ వరకూ వెళ్తే మల్టీమీటరు, ఆ మోడల్ అంకెలు రెండూ కావాలి. అవి లేకుండా పైనున్న బరువైన చక్రం, ఫ్లైవీల్‌ను స్క్రూడ్రైవర్‌తో ఎత్తి తీయాలని చూడొద్దు. దానికి పుల్లర్ ఉంటుంది, లేకపోతే మెకానిక్ ఉంటాడు.

ఇప్పుడు కార్బొరేటర్. పెట్రోలు తాజాది, స్పార్కు నీలంగా ఉంది, ప్లగ్ మాత్రం పొడి. అప్పుడు విప్పండి. విప్పే ముందు ఫోన్‌లో నాలుగు వైపులా ఫొటో తీసుకోండి. గాలి, పెట్రోలు సర్దే చిన్న స్క్రూను ముందు సుతారంగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో లెక్కపెట్టి రాసుకుని, ఆ తర్వాతే బయటికి తీయండి, బిగించేటప్పుడు అన్ని చుట్లే వదలాలి. నిలవ పెట్రోలు ఆరిపోయి జెట్‌లలో బెల్లం పాకంలాంటి జిగురు వదులుతుంది. స్టార్టింగ్‌కు, ఐడ్లింగ్‌కు పనిచేసేది చిన్న జెట్, దాని రంధ్రం వెంట్రుకంత, ముందు మూసుకుపోయేది అదే. కార్బ్ క్లీనర్ కొట్టి, నానబెట్టి, పంక్చరు షాపులో గాలి పట్టించండి. పొడవాలనిపిస్తే కరెంటు వైరులోని రాగి పోగు ఒక్కటి తీసి వాడండి, గుండుసూది పెడితే రంధ్రం పెద్దదవుతుంది, ఆ జెట్ ఇక పారేయడమే. ఎత్తి వెలుతురు కేసి చూసినప్పుడు జెట్‌లోంచి గుండ్రని వెలుగు చుక్క కనిపించాలి. మామ పళ్లెంలోని జెట్‌లు అన్నీ తళతళలాడుతున్నాయి, పాపం ఆయన విప్పాల్సిన అవసరమే లేదు.

ఇవన్నీ అయినా లేవకపోతే కంప్రెషన్. రెండు ప్లగ్‌లూ తీసి, వాటిని ఇంజనుకు ఆనించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కో సిలిండర్‌కూ గేజ్ బిగించి నాలుగైదుసార్లు లాగండి. రెండు అంకెలూ దగ్గరదగ్గరగా ఉండాలి, ఒకటి మరొకదానికంటే 10 శాతానికి మించి తక్కువ ఉంటే రింగులో, గాస్కెట్టో, సిలిండర్ గీతలో. ఇక అది డబ్బుతో కూడిన వ్యవహారం. గేజ్ బైకు మెకానిక్‌ల దగ్గర ఉంటుంది, అడిగితే ఇస్తారు.

తాడు అసలు కదలకపోతే బలం చూపించకండి. న్యూట్రల్ చూసుకుని, ప్లగ్‌లు తీసి మళ్లీ లాగండి. సులువుగా తిరిగి రంధ్రాల్లోంచి నీళ్లు చిమ్మితే సిలిండర్లో నీళ్లు నిండాయి. నీళ్లన్నీ పోయేదాకా తిప్పి, లోపల కొంచెం ఆయిల్ పోసి, అదే రోజు స్టార్ట్ చేయాలి, రేపటికి తుప్పు పడుతుంది. అప్పటికీ తిరగకపోతే ఆయిల్, డీజిల్ కలిపి ప్లగ్ రంధ్రాల్లో పోసి రెండు రోజులు వదిలేసి, తర్వాత ఫ్లైవీల్‌ను చేత్తో అటూఇటూ ఆడించి చూడండి. బటన్ స్టార్ట్ మోటారు "టక్" అని ఊరుకుంటే ముందు బ్యాటరీ టెర్మినల్స్ గీకండి, నిండుగా ఉన్న బ్యాటరీ ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర చూపాలి.

లేచిందా? వెంటనే వెనక సన్నటి నీటి ధార వస్తోందో లేదో చూడండి. పులికాట్ లోతు చాలాచోట్ల నడుములోతు కూడా ఉండదు, ప్రొపెల్లర్ లేపిన బురద, ఇసక ఇంపెల్లర్ తాగేస్తుంది, ఆ ధార రంధ్రం పూడిపోతుంది. సన్నటి తీగతో కెలికినా ధార రాకపోతే ఆపేసి ఇంపెల్లర్ చూడాలి.

ఇంకా కొనలేదు, చూడడానికి వెళ్తున్నారు అంటే, "మీరు వచ్చే ముందే వేడి చేసి పెడతా అన్నా" అనే అమ్మకందారు దగ్గర కాస్త జాగ్రత్త. చెయ్యి పెట్టి ఇంజను చల్లగా ఉందని చూసుకుని, మీరే తాడు లాగండి. వేడి ఇంజను ఎవరి చేతిలోనైనా లేస్తుంది. కింద గేరు ఆయిల్ స్క్రూ విప్పి రెండు చుక్కలు వేలి మీద పట్టండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే సీల్‌లు పోయి నీళ్లు చేరాయి. మామ మోటారు కొన్నప్పుడు ఈ రెండూ చూడలేదు. సీల్‌లకు ఆ డబ్బు తర్వాత పెట్టాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం మోటారు మూడో లాగుకు లేచింది. ఆపేటప్పుడు స్విచ్ నొక్కబోతుంటే ఆపి, పెట్రోలు పైపు కనెక్టర్ పీకించి, కార్బొరేటర్‌లో ఉన్న పెట్రోలు అయిపోయి దానంతట అదే ఆగేదాకా నిలబెట్టాను. మళ్లీ రెండు నెలలు పెట్టాల్సి వస్తే ఇలాగే ఆపి, అంతకుముందు డ్రమ్ములో మంచినీళ్లతో పది నిమిషాలు నడిపి ఉప్పు కడిగి, నిలువుగా ఉంచాలి. మామ అంతా విని తలూపి, ఎర్ర తాడును మొలతాడుకు కట్టుకున్నాడు. రెండో క్లిప్ ఒకటి కొని ప్లగ్‌లు, ప్లగ్ పానాతో పాటు బోటులో డబ్బాలో పెట్టమన్నాను. మనవరాలికి అందనంత ఎత్తులో.